ప్రేగుల లోపొర: ఒంటికి కావలిగోడ

"నీ కడుపు చల్లగా ఉండాలి" అని దీవించడం మన పెద్దల వాడుక. మాటకు మాటగా తీసుకొన్నా ఆ దీవెనలో ఒక ఆరోగ్య సూత్రం ఇమిడి ఉంది. మనం తిన్న అన్నం నోటి నుండి మలద్వారం వరకు సాగే గొట్టంలో ఉన్నంతసేపు శరీరానికి ఇంకా వెలుపల ఉన్నట్లే లెక్క. ప్రేగుల లోపొరను దాటి రక్తంలో కలసినప్పుడే అది మనదవుతుంది. ఆ పొర దేనిని లోనికి రానిస్తుంది, దేనిని బయటనే నిలిపివేస్తుంది అన్న విషయంపై మన ఆరోగ్యం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఈ రానిచ్చే గుణాన్నే వైద్యశాస్త్రం ప్రేగుల పారగమ్యత అంటుంది.

ఇటీవల 'లీకీ గట్' అనే మాట విరివిగా వినిపిస్తున్నది. ప్రేగులకు చిల్లులు పడ్డాయని, కీళ్ళ నొప్పులు మొదలు మతిమరుపు వరకు అన్నిటికీ అదే మూలమని చెప్పి ఖరీదైన పొడులు, పరీక్షలు అమ్మేవారున్నారు. మరొకవైపు, ఈ పొరను నిజంగా దెబ్బతీసే కారణాలు మన ఇండ్లలోనే ఉన్నా వాటిని పట్టించుకొనేవారు తక్కువ. ఇందులో నిజమెంత, మనం చేయదగినదేమిటి అన్నదే ఈ పాఠంలోని విషయం.

లోపొర నిర్మాణం

చిన్నప్రేగు లోపలి భాగం నున్నగా ఉండదు. ముఖమల్ గుడ్డ మీది నూగువలె సన్నని మొలకలు కోట్ల సంఖ్యలో ఉంటాయి. వీటిని ఆంత్ర చూషకాలు అంటారు. వీటి వలన లోపొర వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పూర్వం పుస్తకాలలో దీనిని టెన్నిస్ మైదానంతో పోల్చేవారు. 2014లో వెలువడిన లెక్కల ప్రకారం జీర్ణనాళం మొత్తం లోపలి వైశాల్యం సుమారు 30 చదరపు మీటర్లు. అంటే ఒక మోస్తరు గది నేలంత. ఇంత విశాలమైన గోడకు మందం మాత్రం ఒకే ఒక కణం. ఆ కణాలు 3 నుండి 5 రోజులకొకసారి రాలిపోయి, వాటి స్థానంలో కొత్తవి పుడుతుంటాయి.

కణానికీ కణానికీ నడుమ సందులను కొన్ని ప్రోటీనులు కుట్టువలె బిగించి ఉంచుతాయి. ఈ కుట్లు శాశ్వతంగా బిగిసినవి కావు. అవసరాన్ని బట్టి కొద్దిగా సడలుతాయి, మళ్ళీ బిగుస్తాయి. నీరు, లవణాలు వంటి చిన్న అణువులు ఈ దారిన పోగలవు. క్రిములు, అరగని ఆహారపు పెద్ద తునకలు పోరాదు. కణాలపై జిగురుపొర, దాని వెనుక రోగనిరోధక కణాలు కూడా కాపలా కాస్తుంటాయి. కావున ప్రేగు కొంత పారగమ్యంగా ఉండడం రోగం కాదు. అది దాని స్వభావం. బిగువు హద్దుమీరి సడలి, ఆ సడలింపు తగ్గకుండా నిలిచిపోవడమే కీడు.

దీనిని కొలవడమెట్లు?

కంటికి కానరాని ఈ సడలింపును కొలిచేందుకు వైద్యులు ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు చక్కెరలను నీటిలో కలిపి త్రాగించి, తరువాత సుమారు 5 గంటలపాటు మూత్రాన్ని సేకరిస్తారు. మానిటాల్ అణువు చిన్నది. ఆరోగ్యవంతమైన ప్రేగు దానిలో కొంత భాగాన్ని పీల్చుకొని మూత్రంలోనికి పంపుతుంది. లాక్టులోజ్ అణువు పెద్దది. గోడ బిగువుగా ఉంటే నూటికి 1 వంతు కూడా దాటదు. చూషకాలు అరిగిపోతే మానిటాల్ తగ్గుతుంది. సందులు సడలితే లాక్టులోజ్ పెరుగుతుంది. ఈ రెంటి నిష్పత్తి ప్రేగు స్థితిని తెలుపుతుంది. ఇది ప్రధానంగా పరిశోధనలలో వాడే పరీక్ష. ఇంటింటా చేయించుకొనవలసినది కాదు.

ఒక తెలుగు కుటుంబంలో జరిగినది

ప్రేగుల లోపొర చెడితే ఏమవుతుందో తెలుసుకొనడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే చాలు. యౌవనంలోనే ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. మన వైద్యులు దీనిని సంగ్రహణిగా గుర్తించేవారు. ఆగని విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, క్రమంగా శుష్కించిపోవడం దీని లక్షణాలు. ఈ వ్యాధిలో చూషకాలు అరిగి పొట్టివవుతాయి. ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

అదే వ్యాధి సుబ్బారావుకు కూడా సోకింది. పాశ్చాత్య వైద్యంలో పట్టం పుచ్చుకొని, తరువాత ఆయుర్వేదాన్ని ఆచరించిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకొన్నారు. అనంతరం మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. 1922లో అమెరికా చేరారు.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. త్వరలోనే కరీబియన్ దీవులలోని స్ప్రూ రోగులకు దానిని ఇవ్వగా వారు తేరుకొన్నారు. కారణం స్పష్టమే. కొద్ది రోజులకొకసారి పుట్టవలసిన ప్రేగు కణాలకు ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. అది లేక లోపొర కొత్తబడదు. లోపొర చెడితే ఆహారంలోని ఫోలిక్ ఆమ్లం లోనికి ఇంకదు. ఈ విషవలయాన్ని ఆ మందు ఛేదించింది. 1948లో అదే ప్రయోగశాల నుండి ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో అది మొదటిది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. నేటికీ ఉష్ణమండలపు స్ప్రూకు వైద్యులు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ వర్గపు మందులే. లోపముంటే వాటికి తోడు విటమిన్ బి12. తన ఇంట రెండు దీపాలను ఆర్పిన వ్యాధికి విరుగుడు ఆయన బృందపు కృషి నుండే లభించింది.

రాయవేలూరు చెప్పిన పాఠం

పెద్దమండ్యం, తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలవారు పెద్ద జబ్బు వస్తే రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి పోవడం చిరకాలపు అలవాటు. ప్రేగు లోపొరను గురించి ప్రపంచానికి తెలిసినదానిలో చాలా భాగం అక్కడిదే. 1960 దశకం తొలి ఏండ్లలో ఆ ఆసుపత్రి చుట్టుపట్ల పల్లెలలో స్ప్రూ అంటువ్యాధివలె వ్యాపించింది. డాక్టర్ సెల్విన్ బేకర్, డాక్టర్ వి.ఐ. మాథన్ ఊరూరా తిరిగి దానిని పరిశీలించారు.

అంతకన్న ఆశ్చర్యకరమైన విషయం మరొకటి తేలింది. ఏ జబ్బూ లేక తిరుగుతున్నవారి ప్రేగులోనూ చూషకాలు చల్లని దేశాల వారికున్నంత పొడవుగా లేవు. ఇది జాతి లక్షణమా, పరిసరాల ప్రభావమా అన్న ప్రశ్నకు జవాబు మరొక చోట దొరికింది. నేడు బంగ్లాదేశ్‌గా ఉన్న ఆనాటి తూర్పు పాకిస్తాన్‌లో సేవకై వచ్చిన అమెరికా యువకుల ప్రేగులలో కూడా ఇటువంటి మార్పులే కనబడ్డాయి. వారు స్వదేశానికి తిరిగిపోగా కొంతకాలానికి ఆ మార్పులు సర్దుకొన్నాయి. కనుక పుట్టుక కాదు, బ్రతికే పరిసరమే కారణమని తేలింది. నీటితో, ఆహారంతో, మట్టితో నిత్యం లోనికి పోయే క్రిములు విరేచనాలు కలిగించకపోయినా, లోపొరను సన్నసన్నగా అరగదీస్తాయన్న మాట.

పిల్లల ఎదుగుదల

దీని భారం అందరికన్న ఎక్కువగా మోసేది పసిపిల్లలే. 2009లో మొదలై 8 దేశాలలో సాగిన ఒక పరిశోధనలో రాయవేలూరు కూడా ఒక కేంద్రం. పిల్లలను పుట్టినది మొదలు 2 ఏండ్ల వరకు పరిశీలించగా, విరేచనాలు లేని రోజులలో సైతం మలంలో రోగక్రిములు ఉన్న బిడ్డలు ఎత్తు పెరగడంలో వెనుకబడినట్లు కనబడింది. బిడ్డకు పాలు, పప్పు, గ్రుడ్డు పెడుతున్నాము, అయినా ఒళ్ళు చేయడం లేదని బాధపడే తల్లులు ఈ సంగతిని గమనించవలసి ఉంది. పెట్టే కూడు ఎంత ముఖ్యమో, త్రాగించే నీరు, దోగాడే నేల అంత ముఖ్యం.

అయితే కేవలం మరుగుదొడ్డి కట్టించి, చేతులు కడిగించినంతనే ఎత్తు పెరుగుతారనుకోరాదు. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో జరిగిన పెద్ద ప్రయోగాల ఫలితాలు 2018 ప్రాంతంలో వెలువడ్డాయి. అటువంటి ఏర్పాట్ల వలన మాత్రమే పిల్లల ఎత్తు పెరగలేదని అవి తెలిపాయి. శుభ్రత పనికిరాదని దీని అర్థం కాదు. అరకొర శుభ్రత చాలదని, శుభ్రత, పోషణ, టీకాలు మూడూ కలసి నడవాలని గ్రహించాలి. టీకాలలో రోటావైరస్ టీకా ముఖ్యం. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన ఈ టీకాను 2016లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వసాగిన మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కాపలాను సడలించే కారణాలు

1. అంటురోగాలు: విరేచనాలు కలిగించే క్రిములు లోపొరను నేరుగా దెబ్బతీస్తాయి. వేసవిలో బోర్లు ఎండి ట్యాంకరు నీరు తొట్లలో, బిందెలలో రోజుల తరబడి నిలువ ఉంచే మెట్ట ప్రాంతాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

2. నొప్పి మాత్రలు: ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి జీర్ణకోశాన్నే కాక చిన్నప్రేగు లోపొరను కూడా సడలిస్తాయని 1980 దశకం నుండి తెలిసినదే. మోకాళ్ళ నొప్పులని మందులషాపులో అడిగి తెచ్చుకొని నెలల తరబడి మ్రింగే పెద్దలు మన ఇండ్లలో ఎందరో! వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందును అకస్మాత్తుగా మానరాదు. వ్రాయకుండా వాడేదానిని మానాలి.

3. మద్యం: మితిమీరిన సారాయి లోపొరను సడలించి, క్రిముల విషాలను కాలేయానికి చేరవేస్తుంది.

4. కొన్ని వ్యాధులు: గోధుమ పడని సీలియాక్ వ్యాధి, క్రోన్స్ వ్యాధి, తీవ్రమైన కాలిన గాయాలు, పోషకాహార లోపం. సీలియాక్ వ్యాధి గోధుమ తినే ఉత్తరాదిన ఎక్కువ, దక్షిణాదిన చాలా తక్కువ.

బూజుపట్టిన వేరుశనగ విషయం కూడ చెప్పుకొనదగినదే. తడి తగిలిన చెనిగకాయలలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయానికి హాని చేస్తుందన్నది స్థిరపడిన విషయం. ప్రేగుపొరపై దాని ప్రభావాన్ని ఇంకా పరిశోధిస్తున్నారు. రంగు మారి ముడుచుకొన్న గింజలను ఏరి పారవేయడం ఎట్లైనా మంచిదే.

అన్ని రోగాలకూ ఇదే మూలమా?

సీలియాక్, క్రోన్స్ వంటి వ్యాధులలో ప్రేగు పారగమ్యత పెరగడం నిజం. మధుమేహం, స్థూలకాయం, కాలేయపు కొవ్వు, కొన్ని కీళ్ళ వ్యాధులలో కూడా పెరుగుదల కనబడింది. కాని రెండు విషయాలు ఒకచోట కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. వాన పడినప్పుడు గొడుగులు కనబడతాయి. గొడుగుల వలన వాన రాదు గదా! ఈ వ్యాధులలో లోపొర సడలడం ముందా, వ్యాధి ముందా అన్నది అన్నిటా తేలలేదు. అందుకే 'లీకీ గట్' అన్నదానిని వైద్యశాస్త్రం ఒక ప్రత్యేక రోగంగా అంగీకరించలేదు. పలు రోగాలలో కనిపించే ఒక స్థితిగానే పరిగణిస్తుంది.

2000 సంవత్సరంలో అలెస్సియో ఫసానో బృందం సందుల బిగువును సడలించే జోనులిన్ అనే ప్రోటీనును వెల్లడించిన తరువాత, దానిని కొలుస్తామని పరీక్షలు వచ్చాయి. అయితే అమ్మకానికి ఉన్న కొన్ని పరీక్షలు జోనులిన్‌ను కాక వేరే ప్రోటీనులను కొలుస్తున్నాయని తరువాత తేలింది. ఇటువంటి పరీక్షను నమ్మి అన్నం, పాలు, పప్పు ఒకటొకటిగా మానుకొంటే నష్టపోయేది మనమే. ఆహారం తగ్గి బలహీనపడిన ఒంటిలో లోపొర మరింత దెబ్బతింటుంది.

ఆయుర్వేద దృష్టి

చరక సంహిత చికిత్సాస్థానంలోని 15వ అధ్యాయం గ్రహణిని గురించినది. అన్నాన్ని పట్టి ఉంచి, పక్వమైన తరువాత ముందుకు పంపే స్థానం గ్రహణి. దానికి బలం జఠరాగ్ని. అగ్ని మందగిస్తే అన్నం సరిగా పచనం కాక ఆమం పుడుతుందని, అది అనేక వ్యాధులకు దారి తీస్తుందని ఆచార్యుల అభిప్రాయం. ఆమం, పారగమ్యత ఒకటేనని కొందరు వ్రాస్తున్నారు. అట్లా కలపడం సరికాదు. ఒకటి శాస్త్రదర్శనం, మరొకటి ప్రయోగశాలలో తేలే కొలత. కాని ఇద్దరి దృష్టీ ఒకచోట కలుస్తుంది: ఏమి తిన్నామన్నదే కాదు, తిన్నదానిని స్వీకరించే స్థానం ఎట్లున్నదన్నది కూడా ముఖ్యం. గ్రహణి రోగులకు చరకుడు మజ్జిగను ప్రశస్తమని చెప్పాడు. పాలు పడని పెద్దలలో చాలామందికి మజ్జిగ పడుతుంది. తోడుకొనేటప్పుడు పాలలోని చక్కెర కొంత తగ్గిపోవడం అందుకొక కారణం.

మన వంటింటి బలం

రాగి సంగటి, ఆకుకూర పప్పు, ఉలవచారు, చెనిగకాయల ఊరుబిండి, మజ్జిగ - ఇవి మన మెట్టసీమ భోజనం. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము, 11 గ్రాముల పీచు ఉంటాయి. ఆ పీచు పెద్దప్రేగులోని మేలుచేసే క్రిములకు మేత. అవి దానిని పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దప్రేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. నేతిలో కూడా ఇది కొద్దిగా ఉన్నది గాని, అది పెద్దప్రేగును చేరకముందే ఇంకిపోతుంది. కనుక లోపొరకు కావలసినది నెయ్యి కన్న పీచు. టిఫిన్లకు మైదా, పగటికి పాలిష్ బియ్యం, రాత్రికి బేకరీ తిండి అయిన ఇండ్లలో కరవైనది ఈ మేతే.

మరొక చౌకైన పదార్థం పచ్చి అరటికాయ. బంగ్లాదేశ్‌లో ఎడతెగని విరేచనాలతో బాధపడే పిల్లలకు ఉడికించిన అరటికాయను అన్నంతో పెట్టి చూడగా విరేచనాలు తగ్గడమే కాక, ముందు చెప్పిన రెండు చక్కెరల పరీక్షలో ప్రేగు బిగువు మెరుగుపడినట్లు తేలింది. వంటింటి వస్తువుకు ఇంత సూటియైన రుజువు దొరకడం అరుదు. ఆరు నెలలు నిండి అన్నం తినే పిల్లలకు, పెద్దలకు అరటికాయను ఉడికించి, మెత్తగా మెదిపి, కొద్దిగా ఉప్పు చేర్చి అన్నంలో పెట్టవచ్చు.

ఇంట పాటించదగినవి

1. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. శిశువు ప్రేగు ఇంకా బిగువు పొందని ఆ రోజులలో అవే దానికి రక్ష. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప చక్కెరనీళ్ళు, ఆముదం వంటివి పోయరాదు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించరాదు.

2. త్రాగే నీటిని తెర్లిన తరువాత మరొక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి, మూత ఉన్న పాత్రలో ఉంచి, పొడుగు కాడ గరిటెతో ముంచుకోవాలి.

3. విరేచనాలైనప్పుడు 1 లీటరు శుభ్రమైన నీటిలో 6 సమతల టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కరిగించి కొద్ది కొద్దిగా త్రాగించాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే మరీ మంచిది. పిల్లలకు వైద్యుని సలహాతో 14 రోజులు జింకు ఇప్పించాలి. తిండి మాన్పించరాదు.

4. చిన్న అజీర్ణానికి పల్చని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి కలిపి పుచ్చుకొనవచ్చు.

5. సాధారణ జలుబుకు, ఒక పూట విరేచనాలకు ఆంటిబయోటిక్ మందులు కొని వాడరాదు. అవి మేలుచేసే క్రిములను కూడా చంపుతాయి.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

మలంలో రక్తం, 14 రోజులకు మించిన విరేచనాలు, తెలియకుండా బరువు తగ్గడం, నాలుక పూతతో కూడిన రక్తహీనత, రాత్రి నిద్రలో లేపే విరేచనాలు, తీవ్ర జ్వరం - వీటిలో ఏది ఉన్నా ఇంటి చిట్కాలతో కాలహరణం చేయరాదు. పసిపిల్లలలో కండ్లు గుంటలు పడడం, మూత్రం తగ్గడం, మగతగా ఉండడం కనబడితే ఆ గంటనే ఆసుపత్రికి చేర్చాలి. రక్తహీనత అని ఫోలిక్ ఆమ్లం మాత్రలను సొంతంగా వాడడం కూడా తగదు. బి12 లోపం ఉన్నవారిలో రక్తం బాగుపడినట్లు కనబడుతూనే నరాలు చెడిపోయే ప్రమాదం ఉంది.

సుబ్బారావు కాలంలో సంగ్రహణికి మందు లేక ఇండ్లు చీకటైనాయి. నేడు మందు ఉన్నది, టీకా ఉన్నది, కారణాలూ తెలిసినవి. ప్రేగు లోపొరకు తనను తాను బాగుచేసుకొనే శక్తి ప్రకృతి ఇచ్చినదే. కొద్ది రోజులకొకసారి అది కొత్తబడుతూనే ఉంటుంది. దానిని అరగదీసే కలుషిత నీరు, అనవసర మాత్రలు, మద్యం తొలగించి, దానికి కావలసిన కూడు పెట్టడం మన వంతు. సీసాలోని ఖరీదైన పొడి కన్న మూతపెట్టిన నీళ్ళబిందె, ముద్ద సంగటి, గ్లాసెడు మజ్జిగ ఈ పనికి ఎక్కువ తోడ్పడతాయని ప్రతి గృహిణి గుర్తుంచుకోవాలి.